మీ కంప్యూటర్ ఖాళీ సమయాన్ని వైద్య పరిశోధనకు ఇవ్వడం ఎలా?

పండక్కి వచ్చిన పిల్లలు తిరిగి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయాక, మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో ఒక మంచి డెస్క్‌టాప్ మిగిలిపోతుంది. దాని మీద రొయ్యల చెరువు మేత లెక్కలు రాస్తారు, కరెంటు బిల్లు కడతారు, సాయంత్రం ప్రవచనమో పాత సినిమానో చూస్తారు. ఇలాంటి పనులకు ప్రాసెసర్ శక్తిలో నూటికి పది పాళ్లు కూడా ఖర్చు కాదు. మిగతా తొంభై పాళ్లూ ఊరికే పోతాయి. వాటిని క్యాన్సర్ మీదో, క్షయ మీదో, అల్జీమర్స్ మీదో పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు మీరు ఇంట్లో కూర్చునే ఇవ్వవచ్చు. ఒక ప్రోగ్రామ్ పెట్టుకుని, నాలుగు సెట్టింగులు సరిగ్గా దిద్దుకుంటే చాలు. డబ్బు కట్టక్కర్లేదు, సైన్సు చదివి ఉండక్కర్లేదు.

ఫైలేరియా పేరు తెలియని ఇల్లు డెల్టాలో ఉండదు. ఏటా ఇంటింటికీ తిరిగి పంచుతూ వచ్చిన డీఈసీ మాత్రల వెనుక ఉన్న మనిషి యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆ మందు తయారుచేసిన పరిశోధనను నడిపించారు. క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ ఇప్పటికీ ఇస్తున్న మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం కృషిలోంచి వచ్చిందే. ఆ రోజుల్లో ఒక్కో రసాయనాన్నీ చేత్తో తయారుచేసి పరీక్షించాల్సి వచ్చేది. ఇప్పుడు లక్షల రసాయనాలను ముందు కంప్యూటర్‌లో జల్లెడ పట్టి, పనికొచ్చేలా కనిపించిన కొన్నింటినే ప్రయోగశాలకు తీసుకెళ్తారు. మన కంప్యూటర్లు సాయపడేది ఆ జల్లెడ పట్టే పనిలోనే.

అసలు ఇది ఎలా నడుస్తుంది?

ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువల్లోకి, అక్కణ్ణుంచి పిల్ల కాలువల్లోకి, చివరికి బోదెల్లోంచి ఒక్కో చేలోకి చేరుతుంది కదా, ఇక్కడ పని కూడా అలాగే పంచుతారు. విశ్వవిద్యాలయం సర్వర్ ఒక పెద్ద లెక్కను వేల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ఇంటికి పంపుతుంది. మీ కంప్యూటర్ దాన్ని చేసి, జవాబును ఇంటర్నెట్ ద్వారా తిరిగి పంపి, ఇంకో ముక్క తెచ్చుకుంటుంది. చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను ఇద్దరికి పంపి, ఇద్దరి జవాబులూ కలిస్తేనే తీసుకుంటాయి. కాబట్టి మీ మెషీన్‌లో ఎక్కడైనా తప్పు దొర్లినా పరిశోధన పాడవదు.

ఇంత మంది ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. మన ఒంట్లోని ప్రోటీన్ నీటిలో ఎలా మెలికలు తిరుగుతుందో చూడాలంటే, దానిలోని ప్రతి పరమాణువూ ఎటు కదులుతుందో రెండు ఫెమ్టోసెకన్లకొకసారి లెక్క కట్టాలి. సెకనును 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క ఫెమ్టోసెకను. అలా లెక్క కట్టుకుంటూ వెళ్తే, సెకనులో పది లక్షలో వంతు కాలం చూడటానికే 50 కోట్ల అడుగులు పడతాయి. ఒక్క కంప్యూటర్‌కు ఇది తరగని పని.

పంచుకున్నప్పుడు ఏమవుతుందో 2020లో లోకమంతా చూసింది. కరోనా మొదలైన ఆ మార్చిలో లక్షల మంది, ప్రోటీన్ల కదలికలను ఇలా ఇళ్ల కంప్యూటర్లకు పంచి లెక్కించే ఫోల్డింగ్‌ఎట్‌హోమ్‌లో చేరారు. అన్ని ఇళ్ల కంప్యూటర్ల వేగం కలిపితే సెకనుకు 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని లెక్కలు దాటింది. అప్పటికి ఏ సూపర్‌కంప్యూటర్‌కూ అంత వేగం లేదు. అంతకు ముందు, 2014లో, జపాన్‌లోని చిబా క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు చిన్నపిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కోసం 30 లక్షల రసాయనాలను వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే ఇలాంటి ప్రాజెక్టు వాలంటీర్ల కంప్యూటర్లతో జల్లించి, ఆశ కలిగించే ఏడింటిని తేల్చారు. మందుగా మారడానికి ఆ తరువాత ఇంకా చాలా దూరం ఉంటుంది, నిజమే. కానీ ఆ ఏడూ దొరకందే తరువాతి అడుగు పడేది కాదు.

ముందు మెషీన్‌ను చూడండి

గత పదేళ్లలో కొన్నదైతే సరిపోతుంది. అటక మీద ఉన్న పాత పెంటియం, కోర్ టు డుయో మెషీన్లను ఈ పని కోసమని కిందికి దించకండి. తాగే కరెంటుకు అవి చేసే పని చాలా తక్కువ. దీని కోసం కొత్తది కొనడం కూడా నేను వద్దనే అంటాను. ఎలాగూ నడుస్తున్న మెషీన్‌లో మిగిలిపోతున్నదాన్ని ఇవ్వడమే ఈ సాయంలో అందం.

మొదలుపెట్టే ముందు క్యాబినెట్ పక్క పలక విప్పి దుమ్ము దులపండి. కాలువ గట్టు ఇళ్లలో చీమలు, బల్లులు లోపల కాపురం పెడతాయి. పవర్ సప్లై దగ్గరా, ఫ్యాన్ రెక్కల మధ్యా ప్రత్యేకంగా చూడండి. ఉప్పాడ, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవారు ఉప్పు గాలికి పట్టే తుప్పు కోసం కూడా చూసుకోవాలి. గోడకు జానెడు దూరంలో, వెనుక గాలి ఆడేలా పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే బల్ల మీదే ఉండాలి. పరుపు మీదా, దుప్పటి మీదా అసలు వద్దు.

ఫోన్‌లో కూడా చేయవచ్చు. ఈ లెక్కలు తెచ్చి చేసే బోయింక్ అనే ప్రోగ్రామ్ ఆండ్రాయిడ్‌లో పనిచేస్తుంది, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే లెక్కలు కడుతుంది. అయినా మన ఉక్కపోతలో గంటల తరబడి వేడెక్కితే ఫోన్ బ్యాటరీ త్వరగా చెడుతుంది. ఫోన్‌ను వదిలేయమనే చెబుతాను.

కరెంటు లెక్క ఇంట్లో అందరికీ చెప్పండి

సాయం మొదలుపెట్టి రెండో నెల బిల్లు చూసి మానేసేవాళ్లు ఉంటారు. కాబట్టి ఈ లెక్క ముందే వేసుకోవాలి, ఇంట్లో బిల్లు కట్టేవారితో మాట్లాడుకోవాలి.

మామూలు డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 50 వాట్లు, పూర్తిగా పనిచేస్తున్నప్పుడు 110 వాట్లు తీసుకుంటుందనుకుందాం. మీరు ఎలాగూ రోజుకు ఆరు గంటలు ఆన్‌లో ఉంచేదైతే, అదనంగా పడేది 60 వాట్లే. అంటే రోజుకు 0.36 యూనిట్, నెలకు సుమారు 11 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకు 65 రూపాయలు. అదే మెషీన్‌ను కేవలం ఈ పని కోసం రాత్రి ఎనిమిది గంటలు వేసి ఉంచితే, మొత్తం 110 వాట్లూ ఈ ఖాతాలోకే వస్తాయి. నెలకు 26 యూనిట్లు, దాదాపు 160 రూపాయలు. పని విలువైనదే అయినా ఈ రెండో దారి అందరికీ అక్కర్లేదు.

ఇక్కడ స్లాబుల సంగతి మరిచిపోవద్దు. మన గృహ వినియోగం బిల్లులో పై స్లాబుకు వెళ్లేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. మీరు అదనంగా వాడేది ఎప్పుడూ మీరున్న పై స్లాబు ధరకే పడుతుంది. వేసవిలో ఏసీ వల్ల ఎలాగూ పై స్లాబులో ఉంటారు కాబట్టి ఆ నెలల్లో ఈ పని తగ్గించుకోవడం రెండు విధాలా మంచిది. ఇంటి మీద సోలార్ పలకలు ఉన్నవారైతే ఎండ బాగా ఉన్న పగటి గంటలకు పరిమితం చేసుకోండి.

ఏ పరిశోధనకు ఇవ్వాలి?

కొత్తవారికి రెండు ప్రోగ్రాముల పేర్లు చాలు.

మొదటిది బోయింక్. బెర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1999లో మొదలై, అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతాలను వెతికిన సేతీఎట్‌హోమ్‌ను నడిపింది కూడా ఆ విశ్వవిద్యాలయమే. బోయింక్ ఒక్కటి పెట్టుకుంటే డజన్ల కొద్దీ ప్రాజెక్టుల్లో నచ్చినవాటికి పనిచేయవచ్చు. క్యాన్సర్ గుర్తుల మీద పనిచేసే వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌ను 2004లో ఐబీఎం మొదలుపెట్టింది, ఇప్పుడు కెనడాలోని టొరంటోలో క్రెంబిల్ పరిశోధన సంస్థ నడుపుతోంది. ప్రోటీన్ల ఆకారాల మీద పనిచేసే రొజెట్టాఎట్‌హోమ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని డేవిడ్ బేకర్ ప్రయోగశాలది. ప్రోటీన్ల రూపకల్పనకే ఆయనకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వాతావరణం మీద ఆసక్తి ఉంటే ఆక్స్‌ఫర్డ్ వారి క్లైమేట్‌ప్రెడిక్షన్ ఉంది. ఏటా తుపాను హెచ్చరికలతో బతికే కోనసీమ వాళ్లకు అది దగ్గరి విషయమే. కాకపోతే దాని ముక్కలు పెద్దవి, రోజుల తరబడి నడుస్తాయి. ఐన్‌స్టీన్‌ఎట్‌హోమ్ గిర్రున తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే పల్సార్ అనే నక్షత్రాలను వెతుకుతుంది. 2010లో దాని ద్వారా దొరికిన మొదటి కొత్త పల్సార్, అమెరికాలోనూ జర్మనీలోనూ ఉన్న వాలంటీర్ల కంప్యూటర్ల మీద బయటపడింది.

రెండోది ఫోల్డింగ్‌ఎట్‌హోమ్, 2000లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది. ప్రోటీన్ల కదలికలే దీని పని. క్యాన్సర్, అల్జీమర్స్, అంటువ్యాధులు, వీటిలో మీకు ముఖ్యమైనది ఎంచుకోవచ్చు.

ఈ రెంటికీ ఒక తేడా ఉంది, మన పరిస్థితులకు అది ముఖ్యం. ఫోల్డింగ్‌లో ఒక ముక్క జవాబు వచ్చాకే దాని తరువాతి ముక్క తయారవుతుంది. మీరు ఆలస్యం చేస్తే ఆ వరుస అక్కడే ఆగుతుంది, అందుకే గడువులు కొంచెం బిగుతుగా ఉంటాయి. రోజూ చాలా గంటలు మెషీన్ నడిచే ఇంటికి, ముఖ్యంగా మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఇంటికి అది బాగుంటుంది. రోజుకు నాలుగైదు గంటలే వేసేవారికి, కరెంటు వచ్చిపోయే ఊళ్లకు బోయింక్ నయం.

బోయింక్‌లో ఏది ఎంచుకోవాలో తేలకపోతే సైన్స్ యునైటెడ్ అనే సేవ ఉంది. అందులో వైద్యం, భౌతికశాస్త్రం అంటూ రంగాలను టిక్ చేస్తే, ప్రాజెక్టులను అదే చూసుకుంటుంది. మొదటిసారికి ఇదే తేలిక.

పెట్టుకోవడం

బోయింక్‌ను బెర్కిలీ విశ్వవిద్యాలయం వారి అధికారిక సైటు నుంచే దించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచీ, వేరే డౌన్‌లోడ్ సైట్ల నుంచీ వద్దు. ఇన్‌స్టాల్ అయ్యాక బోయింక్ మేనేజర్ తెరుచుకుని, ప్రాజెక్టు కలపమంటుంది. పేరు ఎంచుకుని, ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇస్తే ఖాతా తయారు. కొద్దిసేపట్లో మొదటి పని దిగి, దానంతట అదే మొదలవుతుంది.

రెండు ప్రాజెక్టులు కలపడం మంచిది. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ లాంటి వాటిలో పంచడానికి పని లేని రోజులు కూడా ఉంటాయి. రెండోదాని వెబ్‌సైటులో మీ ఖాతాలోకి వెళ్లి రిసోర్స్ షేర్ అనే చోట 0 పెడితే, మొదటిదానిలో పని లేనప్పుడు మాత్రమే దానికి చేస్తుంది.

సెట్టింగులు: అసలు పని ఇక్కడుంది

ఆప్షన్స్ మెనూలో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరవండి.

ముందు కోర్ల సంగతి. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు కట్టగల ఒక భాగం. అన్నింటినీ ఇవ్వకండి. నాలుగు కోర్ల మెషీన్ అయితే 50 శాతం, అంటే రెండు కోర్లు ఇచ్చి వారం చూడండి. పక్కనే సీపీయూ టైమ్ శాతం అని ఇంకో అంకె ఉంటుంది. దాన్ని తగ్గిస్తే ప్రాసెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది, ఫ్యాన్ శబ్దం హెచ్చుతగ్గులవుతూ చిరాకు పెడుతుంది. దాన్ని 100లోనే ఉంచి కోర్లను తగ్గించడం మేలు.

బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపు, కంప్యూటర్ వాడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు పని ఆపు, ఈ రెంటికీ టిక్ ఉండాలి. వేరే ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను 25 శాతం దాటి వాడితే ఆపమనే గడి కూడా నింపండి. మిల్లు ఖాతాల టాలీనో, పిల్లల ఆన్‌లైన్ పరీక్షో నడుస్తున్నప్పుడు బోయింక్ తనే పక్కకు తప్పుకుంటుంది.

నెట్‌వర్క్ విభాగంలో, ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవారు ఇన్ని రోజులకు ఇన్ని ఎంబీ మించకుండా పరిమితి పెట్టుకోవచ్చు. కేబుల్ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. నెట్ తరచూ పోయే లంక గ్రామాల వారు మాత్రం, కనీసం ఒక రోజుకు సరిపడా పని నిల్వ ఉంచుకోమని పెట్టండి. మరీ ఎక్కువ నిల్వ చేస్తే గడువులు దాటిపోవచ్చు.

డైలీ షెడ్యూల్స్‌లో గంటలు పెట్టుకోవచ్చు. మన వాతావరణానికి నేను చెప్పేది ఇది: కార్తీకం నుంచి మాఘం దాకా చలి రోజుల్లో పగలంతా నడపండి. మార్చి నుంచి మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు వరకు ఆపేయండి. రోహిణి కార్తెలో గదిలో ఏసీ లేకపోతే పూర్తిగా మానేసి, వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టండి. నెల రోజులు ఆగితే ఎవరూ అడగరు, పరిశోధన ఏళ్ల తరబడి సాగేది.

వేడి ఎంతుందో చూడటానికి కోర్ టెంప్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోండి. గంటసేపు పనిచేశాక ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటుతుంటే ఇంకో కోర్ తగ్గించండి. విండోస్ ల్యాప్‌టాప్‌లకు ఇంకో చక్కని ఉపాయం ఉంది. పవర్ ఆప్షన్స్ లోపల ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 ఉంటే 99 చేయండి. చాలా మెషీన్లలో దీంతో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలుకు మించి పరుగెత్తే వేగం, ఆగిపోతుంది. పని కాస్త నెమ్మదిస్తుంది, వేడి మాత్రం గణనీయంగా దిగుతుంది. గ్రాఫిక్స్ కార్డు వాడేవారు దాని పవర్ పరిమితిని 70 శాతానికి దించినా పని అంతగా తగ్గదు.

ఇన్వర్టర్, ఉరుములు, వరద

బ్యాటరీ మీద ఆపమని టిక్ పెట్టాం కదా, కరెంటు పోతే అదే ఆగుతుందని అనుకోవద్దు. ఆ సెట్టింగు ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీని గుర్తిస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిచే డెస్క్‌టాప్‌కు మాత్రం మామూలు కరెంటే వస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి కరెంటు పోయినా లెక్కలు సాగుతూనే ఉంటాయి, రాత్రి అమ్మానాన్నల గదిలో ఫ్యాను తిరగాల్సిన బ్యాటరీ అర్ధరాత్రికే ఖాళీ అవుతుంది. కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లేని ప్లగ్గుకు మార్చి, చిన్న యూపీఎస్ పెట్టుకోవడం ఉత్తమం. అది కుదరకపోతే కరెంటు పోగానే బోయింక్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి ఆపడం ఇంట్లో అందరికీ నేర్పండి.

మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయినా చేసిన పనంతా పోదు. మధ్యమధ్యలో లెక్క ఎక్కడిదాకా వచ్చిందో డిస్కులో రాసుకుంటూ ఉంటుంది, తిరిగి వెలిగించగానే అక్కణ్ణుంచి మొదలవుతుంది. చెరువుల మోటార్లూ ఏరియేటర్లూ ఒకేసారి వేసే వేళ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో మాత్రం స్టెబిలైజరు, సరైన ఎర్తింగు తప్పనిసరి.

ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు రూటర్ నుంచి వచ్చే తీగ కూడా పీకేయండి. గోదావరికి వరద హెచ్చరిక వచ్చినప్పుడు ప్రాజెక్టు పేరు మీద నో న్యూ టాస్క్స్ నొక్కి కొత్త పని ఆపండి. ఫోల్డింగ్ వాడేవారు ఫినిష్ బటన్ నొక్కితే చేతిలో ఉన్న ముక్క ముగించి ఆగుతుంది. ఆ తరువాత మెషీన్‌ను మేడ మీదికో అటక మీదికో చేర్చుకోవచ్చు. నీళ్లు గుమ్మంలోకి వచ్చే పరిస్థితి ఉంటే ముక్క ముగిసేదాకా కూడా ఆగకండి. ఆ పనిని సర్వర్ ఇంకొకరికి ఇచ్చుకుంటుంది.

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు

"ఒరేయ్, మన ఫొటోలూ బ్యాంకు వివరాలూ వాళ్లకు కనపడవు కదా?" అని అమ్మ తప్పక అడుగుతుంది. ఈ ప్రోగ్రాములకు మీ ఫైళ్లతో పని లేదు. వాళ్లు పంపిన లెక్క, దాని జవాబు, మీ మెషీన్ రకం, ఈ వివరాలే అటూ ఇటూ వెళ్తాయి. మీరు పెట్టుకున్న పేరు మాత్రం వెబ్‌సైటులో అందరికీ కనిపించవచ్చు, అందుకని అసలు పేరు బదులు వేరేది పెట్టుకోండి. ఏ ప్రాజెక్టూ ఆధార్ అడగదు, ఓటీపీ అడగదు, సభ్యత్వ రుసుము అడగదు. అడిగిందంటే అది దొంగదే. మెషీన్ వదిలేస్తే రోజుకు ఇంత డబ్బు ఇస్తామనే యాప్‌లకూ ఈ పనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ వచ్చేవి పాయింట్లు మాత్రమే.

ఆ పాయింట్లు పిల్లలకు బాగా నచ్చుతాయి. ఊరి పేరుతోనో కాలేజీ పేరుతోనో ఒక జట్టు కట్టి, పక్క ఊరి జట్టుతో పోటీ పడవచ్చు. అయితే కాలేజీ ల్యాబులో, ఆఫీసులో, మీసేవ కేంద్రంలో ఉన్న కంప్యూటర్లలో పెట్టాలంటే బాధ్యులను అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కరెంటూ మెషీనూ వాళ్లవి. మంచి పని కదా అని చెప్పకుండా పెట్టడం తప్పు.

ఆపేయాలంటే

మెషీన్ అమ్మేస్తున్నా, ఇక చాలనుకున్నా, నేరుగా అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. అలా చేస్తే మీ దగ్గరున్న ముక్కల కోసం సర్వర్ గడువు తీరేదాకా ఎదురుచూస్తుంది. ముందు నో న్యూ టాస్క్స్ నొక్కండి. ఉన్నవి పూర్తయ్యేదాకా ఒకటి రెండు రోజులు నడవనివ్వండి. అంత సమయం లేకపోతే టాస్క్స్ జాబితాలో అన్నింటినీ ఎంచుకుని అబార్ట్ చేసి, అప్‌డేట్ నొక్కండి. అప్పుడు సర్వర్‌కు వెంటనే కబురు అంది, ఆ ముక్కలు ఇంకొకరికి వెళ్తాయి. ఆ తరువాత ప్రాజెక్టును రిమూవ్ చేసి, బోయింక్‌ను తీసేయవచ్చు. ఖాతా అలాగే ఉంటుంది. కొత్త మెషీన్ వచ్చినప్పుడు అదే ఈమెయిల్‌తో లోపలికి వెళ్తే పాత పాయింట్ల దగ్గర్నుంచే కొనసాగించవచ్చు.